ఎడమకి లాగే బండి

మా వీధిలో సిమెంటు రోడ్డు సగం వేసి వదిలేశారు. మిగతా సగం మట్టే. మొన్న వాన పడి తెరిపిచ్చాక పాల పేకెట్ కోసం కిందికి దిగితే ఆ మట్టిలో మూడు గీతలు కనిపించాయి. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి వెళ్ళిన గుర్తులవి. కాకినాడలో ఇప్పుడు అలాంటి బండ్లు దాదాపు లేవు, అందరికీ బేటరీవి వచ్చేశాయి. మా పేటలో అగరొత్తులు అమ్మే ఒకాయన మాత్రం ఇంకా పాతదే తిప్పుకుంటూ వస్తాడు. అటూ ఇటూ వెనక చక్రాల గీతలు, వాటి నడుమ ముందు చక్రం గీత. మధ్యలో ఉండాల్సింది సరిగ్గా మధ్యలోనే ఉంది. ఆయన బండి బాగుందన్నమాట.

నేను పాల పేకెట్ పట్టుకుని ఆ గీతల వంక చూస్తూ అక్కడే నిలబడిపోయాను. వాచ్‌మన్ వచ్చి "ఏమన్నా పడిపోయిందాండి?" అని అడిగాడు. ఏం లేదని చెప్పి పైకొచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను, అవి పొంగి పొయ్యంతా పాడయింది. అది తుడుస్తూ, ఇన్నేళ్ళ తరవాత కూడా మూడు గీతలు చూస్తే నాకు ఒళ్ళు చల్లబడుతోందేంటి అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకోవడం నాకు కొత్త కాదు. చెప్పవలసిన చోట చెప్పకపోవడమూ కొత్త కాదు.

మా మేనత్తకి నడక రాకముందే పోలియో వచ్చింది. ఒక కాలు పూర్తిగా పోయింది, రెండో కాలికి ఇనప కడ్డీల కాలిపర్ కట్టుకుని, కర్ర పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేసేది. మనిషి మాత్రం గడుసు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయింది. ప్రభుత్వం వికలాంగులకి ఎస్టీడీ బూత్‌లు ఇస్తున్న రోజులవి. అత్త ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టింది. మండలాఫీసు నించి కాగితం వచ్చాకే ఇంట్లో తెలిసింది. దాంతోపాటే ఆకుపచ్చ రంగు వేసిన మూడు చక్రాల బండి కూడా ఇచ్చారు.

బూత్ కాలవ నీళ్ళు ఆపే లాకుల దగ్గర. మా ఇల్లు కాలవ గట్టు పక్కన. మధ్యలో మైలు పైన దూరం, అంతా గట్టు మీది రోడ్డే. వెళ్ళేటప్పుడు ఎడమ పక్కంతా కాలవ. మా నాన్నకి ఇది మొదటి నించీ ఇష్టం లేదు. ఆయన స్కూలు టీచరు, ఏ సంగతికైనా ముందు భయపడతాడు, ఆ భయాన్ని క్రమశిక్షణ అంటాడు.

"గట్టు మీద ఒక్కత్తీ అంత దూరమా? ఏదన్నా జరిగితే?" అన్నాడు.

"జరిగితే చూద్దాం," అన్నాడు తాతయ్య చుట్ట పక్కకి తీసి.

"ఒక్కసారి జరిగిందంటే ఆ రోజుతో సరి. తరవాత నన్ను బతిమాలద్దు."

అత్త "అలాగే అన్నయ్యా" అంది. అంత వినయంగా అత్త ఇంకెప్పుడూ మాట్లాడ్డం నేను వినలేదు.

బూత్‌లో అత్త వేరే మనిషి. మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో ఎవరో ఒకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉండేవాళ్ళు. అక్కణ్ణించి ఫోను వచ్చిందంటే "అరగంటాగి చెయ్యండి, మీ అమ్మగార్ని పిలిపిస్తాను" అని పెట్టేసి, తలుపుకి తాళం వేసి, తనే బండి తిప్పుకుంటూ వెళ్ళి పిలుచుకొచ్చేది. ఒక్కోసారి ఆ ముసలమ్మ వెనక పరుగెడుతూ ఉంటే అత్త ముందు బండి మీద వస్తూండేది. ఆ దృశ్యం చూసి ఊరంతా నవ్వుకునేవారు, అత్త కూడా నవ్వేది. రిసీవరుని రోజూ తడిగుడ్డతో తుడిచి, కొంచెం పౌడరు అద్దేది. అద్దాల గదిలో ఆ పౌడరు వాసన, ఏడ్చి వెళ్ళిన వాళ్ళ చెమట వాసన కలిసి ఉండేవి. ఎవరు ఏం మాట్లాడుకున్నా అత్త నోట ఇంకొకరికి చేరేది కాదు. అందుకే కోడలి మీద చాడీలు చెప్పే అత్తగార్లూ, అత్తగారి మీద చెప్పే కోడళ్ళూ ఒకే బూత్‌కి వచ్చేవారు.

బండికి బ్రేకు ఉన్నా అది పేరుకే. అందుకని తాతయ్య తుమ్మకర్ర చెక్కి, ఏటవాలుగా నున్నగా చేసి, పురికొసతో సీటు కింద కట్టాడు. అత్త బండి ఆపగానే చెయ్యి కిందికి జార్చి, ఆ చెక్కని వెనక చక్రం కింద పడేసేది. టక్ అని చిన్న చప్పుడు. చూడకుండానే వేసేది. ప్రసంగం మధ్యలో చర్చి బయట టక్ మని వినపడితే అత్త వచ్చిందని లోపల కూర్చున్న మాకు తెలిసిపోయేది.

అది ఎండాకాలం. ఏటా ఎండాకాలంలో కాలవ కట్టేస్తారు, మళ్ళీ తొలకరికి గాని నీళ్ళు వదలరు. అడుగంతా బురద, అక్కడక్కడా మడుగులు. ఆ మడుగుల్లో మట్టగిడసలు పట్టుకోవడానికి పిల్లలందరం దిగేవాళ్ళం. ఇంటికెళ్ళాక వీపు మీద దెబ్బలూ కంచంలో పులుసూ రెండూ ఉండేవి. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి తొమ్మిది. అమ్మ ఆ నెలంతా పిన్ని పురుడుకని పుట్టింట్లో ఉంది. మమ్మల్ని అదుపు చేసే పని నాన్నమ్మది, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

అత్త కాలిపర్ పట్టీ తెగిపోతే, కొత్తది కుట్టించడానికి నాన్నమ్మతో కలిసి కాకినాడ వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున్నే బండి మీదే బస్సు ఆగే చోటుకి వచ్చింది. నేనూ తమ్ముడూ వెనక నడిచాం. బస్సు రాగానే అత్త చెక్క వేసింది. టక్. నాన్నా, కండక్టరూ ఇద్దరూ పట్టుకుని ఆవిణ్ణి బస్సులోకి ఎక్కించారు. ఆ హడావిడిలో నాన్నా నాన్నమ్మా చక్రం వంక చూడలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి నాతో అంది:

"బండి తోసుకెళ్ళి పాకలో పెట్టు. నువ్వెక్కకు. తమ్ముణ్ణి ఎక్కించకు. విన్నావా?"

"విన్నాను అత్తా."

బస్సు వెళ్ళిపోయింది. నాన్న సైకిలెక్కి పేపర్లు దిద్దడానికి వెళ్ళిపోయాడు. ఆయన సైకిలు మలుపు తిరగ్గానే తమ్ముడు సీట్లో కూర్చున్నాడు.

ముందు వాణ్ణి నేను తోశాను. తరవాత వాడు నన్ను తోశాడు. చెప్పకూడదు గాని చాలా బాగుంది. రోజూ నడిచే గట్టే, కానీ ఆ సీట్లోంచి చూస్తే తూటుపొదలు నా భుజం ఎత్తున, ఎదురొచ్చే మేకల మొహాలు నా మొహానికి ఎదురుగా ఉన్నాయి. చేతి పిడి తిప్పుతుంటే గొలుసు కరకర మంటోంది. మా రేవు దగ్గరికి వచ్చేసరికి నాకు ఒక ఆలోచన వచ్చింది. రేవంటే పశువులు నీళ్ళలోకి దిగడానికి గట్టు మీంచి కాలవలోకి వేసిన ఏటవాలు బాట. నీళ్ళు లేవు కాబట్టి బాటంతా ఎండిన మట్టే, కాలవ అడుగున బురద. అక్కణ్ణించి జారితే ఎంత బాగుంటుంది! తమ్ముడు వద్దన్నాడు. ఈ మాట రాయకుండా వదిలెయ్యచ్చు, వదిలేస్తే మరో అబద్ధమవుతుంది. వాడు వద్దన్నాడు, నేనే "తొయ్యరా పిరికి సన్నాసీ" అన్నాను.

రేవు చివర పడవలు కట్టే రాతి గుంజ ఒకటుంది. సగం దూరం బండి నా మాట విన్నది. తరవాత వినలేదు. ముందు చక్రం కుడి పక్కన ఆ గుంజకి కొట్టుకుంది. నేను బురదలో పడ్డాను, మోకాలు చీరుకుపోయింది. లేచి చూస్తే బండి ముందు భాగమంతా ఎడమ పక్కకి ఒరిగి ఉంది. సీటు కింద నించి ముందు చక్రం దాకా వెళ్ళే లావుపాటి పైపు వంగిపోయింది. తమ్ముడు ముందు నవ్వి, తరవాత ఏడ్చాడు.

వాడి ఏడుపు విని తాతయ్య గట్టు మీదికి వచ్చాడు. కిందికి దిగి, వంగి పైపు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏం జరిగిందే?"

నేను ఆలోచించుకోలేదు. ఎవరో నా నోట్లో పెట్టినట్టు మాట వచ్చేసింది.

"మేం బస్సు దగ్గర మాటాడుతూ ఉన్నాం తాతయ్యా. ఇటు చూసేసరికి బండి జారిపోతోంది. పట్టుకుందామని పరుగెత్తి పడిపోయాను."

బస్సు ఆగే చోటు మా రేవుకి నాలుగిళ్ళ అవతల. అక్కణ్ణించి రేవు దాకా రోడ్డు వాలుగానే ఉంటుంది. నమ్మడానికి వీలుగానే ఉంది.

"చెక్క వెయ్యలేదా అది?"

"లేదు. సీటు కిందే వేలాడుతోంది."

అప్పటికి నిజంగానే సీటు కింద వేలాడుతోంది. నేనే తీశాను కదా. తాతయ్య ఆ చెక్కని చేతిలోకి తీసుకుని, తను చెక్కిన అంచు మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు. ఆయన మొహంలో కోపం లేదు, కూతురి మీద చిన్నబోవడం ఉంది. ఇప్పుడైనా చెప్పెయ్యమని తమ్ముడు నా గౌను పట్టి లాగాడు. నేను వాడి చెయ్యి విదిలించుకున్నాను.

"సైకిలు షాపుకి తీసుకెళ్దామా?" అని అడిగాను.

"తీసుకెళ్తే సాయంత్రానికి మీ నాన్నకి తెలిసిపోద్ది. బూత్ మూయించేత్తాడు," అన్నాడు తాతయ్య. "పట్టండి. మనమే సాపు చేసేద్దాం."

మా తాతయ్యకి ఇనుము పని రాదు. ఆయన రైతు. నాగలి, కాడి, బండి పోలు, వంకరపోయిన ఏ కర్రనైనా ఇంట్లోనే సరిచేసుకునేవాడు. కర్రని తడిపి, లాగి కట్టి, రెండు రోజులు వదిలేస్తే అదే దారికొస్తుంది. ఇనుమూ అంతే అనుకున్నాడు. చర్చి పెద్ద అయినా చుట్ట మాననట్టే, తెలియని పనిని తెలియదని ఒప్పుకోవడం కూడా ఆయన అలవాటు చేసుకోలేదు.

దొడ్లో రెండు కొబ్బరిచెట్లు దగ్గర దగ్గరగా ఉండేవి. రంగు గీసుకుపోకుండా పైపుకి గోనెపట్టా చుట్టాడు. బండి వెనక భాగాన్ని ఒక చెట్టుకి కదలకుండా బిగించి, ముందు భాగానికి కొబ్బరి మోకు రెండు పేటలుగా వేసి కుడివైపు చెట్టుకి కట్టాడు. ఆ రెండు పేటల మధ్య గునపం దూర్చి మెలితిప్పడం మొదలుపెట్టాడు. బండి మీద గడ్డి మోపులు వేశాక తాడు బిగించడానికి ఇలాగే కర్ర పెట్టి తిప్పుతారు. ఒక్కో మెలికకీ మోకు కిర్రుమనేది, పైపు కొంచెం కొంచెం కదిలేది. తాతయ్య వీపంతా చెమట. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి మోకు మీద పోస్తూ ఉన్నాను, కొబ్బరి తాడు తడిస్తే ఇంకా బిగుస్తుందని. తడి పీచు వాసన, గోనెపట్టా వాసన, ఆయన చుట్ట వాసన. మధ్యలో తాతయ్య ముంజెలు కొట్టి మాకు పెట్టాడు. ఏడ్చిన పిల్లలని జాలిపడి పెట్టాడు. నేను నాలుగు తిన్నాను. ఇప్పుడు తల్చుకుంటే, అన్ని ఎలా దిగాయో ఆ గొంతులోంచి!

మధ్యాహ్నం మూడు దాటాక కొలిచాడు. పురికొస ఒకటి తీసుకుని, ముందు చక్రం నించి కుడి వెనక చక్రానికి ఎంత, ఎడమ చక్రానికి ఎంత అని పట్టి చూశాడు. రెండూ సమానం. నాకూ చూపించాడు.

"చూసేవా? షాపోడు ఇంతకన్నా ఏం పొడుత్తాడు?"

తప్పు అక్కడే జరిగింది. ఆ కొలత మోకు బిగించి ఉండగా తీసింది. రెండు రోజులు అలా వదిలెయ్యడానికి మాకు టైము లేదు. అయిదింటి బస్సు హారను లాకుల అవతల వినపడగానే గబగబా గునపం లాగేసి తాడు విప్పాడు. విప్పగానే పైపు కొంచెం వెనక్కి పోయింది. నేను చూశాను. రెండు వేళ్ళంత ఉంటుంది. తాతయ్య తాడు చుట్టుకుంటూ అటు తిరిగి ఉన్నాడు. మళ్ళీ కొలవలేదు. నేను చెప్పలేదు.

బండి తోసుకుని బస్సు దగ్గరికి వెళ్ళాను. అత్త దిగింది, కొత్త పట్టీ తోలు వాసనతో, మాకోసం కొన్న కాజాల పొట్లంతో. సీట్లో కూర్చుని పిడి తిప్పింది. పది గజాలు వెళ్ళి ఆపింది. టక్.

"ఏంటే ఇది, ఎడమకి లాగుతోంది?"

"ఏమో అత్తా."

ముందుకి వంగి పైపు మీద చెయ్యి వేసింది. గోనె పోగొకటి రంగుకి అంటుకుని ఉంది. దాన్ని గోటితో తీసి, వెలుతురులో పెట్టి చూసింది. తరవాత నా మోకాలి వంక చూసింది.

"తోసుకొచ్చేరా, ఎక్కేరా?"

"తోసుకొచ్చాం."

అత్త కాజాల పొట్లం నా చేతికిచ్చింది. ఇంటికెళ్ళాక తాతయ్యతో అంది బండి తేడాగా ఉందని. "కుడి చెయ్యి బలమెక్కువై తిప్పేత్తున్నావమ్మా. అలవాటయిపోద్ది," అన్నాడాయన, మొహం చూడకుండా. ఆయనా అబద్ధమాడింది ఆవిడ కోసమే.

అత్త అలవాటు చేసుకుంది. పిడి తిప్పుతూనే కుడివైపుకి గట్టిగా లాగి పట్టుకుని నడిపేది. రాత్రి అన్నాలప్పటికి భుజం పీకేసేది. నాన్నమ్మ కర్పూరం కాచిన నూనె తీసి పెడితే, నేను రాస్తానని ముందుకెళ్ళేదాన్ని. "ఈ మధ్య బుద్ధిమంతురాలయింది పిల్ల," అని నాన్నమ్మ మురిసిపోయేది. ఆ నూనె వాసన ఈనాటికీ నాకు పడదు.

కాలవ ఎండి ఉన్నన్నాళ్ళూ నాకు అంత భయం వెయ్యలేదు. పడినా బురదే కదా అనుకున్నాను. తొలకరికి నీళ్ళు వదిలారు. నురగతో, ఎండుటాకులతో ముందు నీళ్ళు వస్తుంటే పిల్లలందరూ వాటితో పోటీ పడి గట్టు మీద పరుగెత్తారు. ఏటా నేనే అందరికన్నా ముందు ఉండేదాన్ని. ఆ ఏడు వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని, నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తున్నాయో చూస్తూ ఉన్నాను.

మొదటి వాన పడిన మర్నాడు అత్త బూత్‌కి వెళ్ళాక గట్టు మీదికి వెళ్ళాను. మెత్తటి మట్టిలో మూడు గీతలు ఉన్నాయి. మధ్య గీత మధ్యలో లేదు. ఎడమ గీత వైపుకి జరిగి పోతోంది. ఊళ్ళో ఎవరు చూసినా తెలిసిపోతుందనిపించింది. మా ఇంటి ముందు నించి మలుపు దాకా ఆ గీతని కాలితో చెరిపేశాను. ఆ తరవాత వాన పడినప్పుడల్లా అదే పని.

ఒకసారి ధైర్యం చేసి తాతయ్య దగ్గరికి వెళ్ళాను. "బండి ఇంకా వంకరగానే ఉంది తాతయ్యా," అన్నాను. "ఊరుకో. మీ నాన్న వింటాడు," అన్నాడు. అంతకన్నా చెప్పాల్సింది నా దగ్గర ఇంకా చాలా ఉంది. చెప్పకుండా తిరిగొచ్చాను.

అది జరిగింది ఒక ముసురు పొద్దున. పదింటికి ఎవరికో మస్కట్ నించి ఫోను రావాలి, అత్త తొందరలో ఉంది. రోడ్డు జారుడుగా ఉంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే దారివ్వడానికి కొంచెం ఎడమకి తప్పుకుంది. బండి అంతటితో ఆగకుండా ఇంకా ఎడమకే పోయింది. అత్త బండితో సహా కాలవలో పడింది. నీళ్ళు నిండుగా ఉన్నాయి. అంచున పెరిగిన గుర్రపుడెక్క పట్టుకుని వేలాడుతుంటే, బట్టలుతుకుతున్న ఇద్దరాడవాళ్ళు దూకి బయటికి లాగారు. మంచం మీద ఇంటికి మోసుకొచ్చారు. జుట్టంతా నాచు, పెదాలు నీలం. వచ్చీరాగానే అత్త అన్న మాట, "ఎవరన్నా బూత్‌కెళ్ళి ఫోనెత్తండి. ఆవిడ ఎదురుచూస్తా ఉంటది."

సాయంత్రం నాన్న వచ్చాక అందరం వసారాలో ఉన్నాం. అత్త మంచం మీద, దుప్పటి కప్పుకుని కూర్చుంది. నాన్న అరవలేదు. అరిస్తే బాగుండేది.

"చెప్పేను కదా. ఇంక చాలు," అన్నాడు.

"బండి తప్పు అన్నయ్యా. అది ఎడమకి లాగుతోంది. నెల్రోజుల నించీ చెప్తూనే ఉన్నాను."

నాన్న తాతయ్య వంక చూశాడు. ఎప్పుడూ అత్త పక్షాన మాట్లాడేది ఆయనే. ఆయన అడ్డం పడితే బూత్ ఉంటుంది. అది అందరికీ తెలుసు, అత్తకి ఇంకా బాగా తెలుసు. తాతయ్య తల దించుకుని అన్నాడు:

"మీ అన్న చెప్పినట్టే కానియ్యమ్మా. నీకు ధ్యాస చాలటం లేదు. కాకినాడ ఎల్లిన రోజు చెక్క వెయ్యకుండా వదిలేసేవు. బండి రేవులోకి పోయి వంగిపోయింది. నేనే సాపు చేసేను, నీ బూత్ పోద్దని."

"చెక్క వేసేను నాన్నా."

"వేసేననుకున్నావు తల్లీ."

"వేసేను," అంది అత్త మళ్ళీ. ఈసారి ఆయన వంక చూసి అనలేదు. నా వంక చూసి అంది.

తమ్ముడు నాన్నమ్మ వెనక నిలబడి ఉన్నాడు. వాడూ నా వంకే చూస్తున్నాడు. ఒక్క వాక్యం చాలు. చక్రం కింద చెక్క పడ్డ చప్పుడు విన్నానని చెబితే చాలు. నాన్న బెత్తం గుర్తొచ్చింది, తాతయ్య పెట్టిన ముంజెలు గుర్తొచ్చాయి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయమేసింది. "దీన్నే అజాగ్రత్త అంటారు," అని నాన్న లేచి వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన ఉండేది. చాప వేసి కూర్చుని, పెద్దవాళ్ళ నించి మొదలుపెట్టి ఒకరి తరవాత ఒకరు పైకి ప్రార్థన చెయ్యాలి. ఆ రోజు కూడా చేశాం. నా వంతు వచ్చింది. అత్తని నీళ్ళలోంచి కాపాడినందుకు స్తోత్రం ప్రభువా అన్నాను. అంటూ ఒక కన్ను కొంచెం తెరిచాను. అందరి కళ్ళూ మూసి ఉన్నాయి, అత్తవి తప్ప. ఆమేన్ అన్నాక ఆవిడ కూడా మూసుకుంది. దేవుడి మీద కోపం వచ్చి ప్రార్థన మానేసిందేమో అనుకున్నాను.

బూత్ వేరేవాళ్ళకి అప్పగించారు. బోర్డు మీద అత్త పేరు మాత్రం కొన్నాళ్ళు అలాగే ఉండేది. ఫోను మాట్లాడ్డానికి వెళ్ళేవాళ్ళు మా కిటికీ దగ్గర ఆగి, "మీరున్నప్పుడు మా గుట్టు మా దగ్గరే ఉండేదండి," అని బాధపడి వెళ్ళేవారు. అత్త కుట్టుమిషను నేర్చుకుంది, చేతితో తిప్పేది. ఆ కిటికీ పక్కనే కూర్చుని జాకెట్లు కుట్టేది. బండి పాకలో పడి ఉంటే దాని సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. పాత ఇనుము కొనేవాడు వస్తే అత్తే పిలిచి ఇచ్చేసింది. పురికొస తెంపి చెక్క మాత్రం ఉంచుకుంది. రెండేళ్ళకి తాతయ్య పోయాడు. పోయే ముందు కూడా "నీ చెల్లి జాగర్త. దానికి ధ్యాస తక్కువ," అని నాన్నకి అప్పగింతలు పెట్టాడు. నేను ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నాను.

ఆ బూత్‌లన్నీ పోయాయి, మస్కట్ ఫోన్లు ఎవరి చేతుల్లోకి వాళ్ళకి వచ్చేశాయి. అత్త ఇప్పుడు భీమవరంలో మా తమ్ముడి దగ్గర ఉంటోంది. తమ్ముడూ నేనూ ఈ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అత్త ఆదివారం ఆదివారం నాకు ఫోను చేస్తుంది. ఎంత చెప్పినా మూడు నిమిషాలకి మించి మాట్లాడదు, మీటరు తిరుగుతున్నట్టే ఉంటుంది ఆవిడకి.

మొన్న ఆ గీతలు చూసిన రోజు ఆదివారం కాదు. పొయ్యి తుడవడం అయ్యాక నేనే చేశాను. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు అయ్యాక, ఆగితే ఇంక చెప్పలేనని భయమేసి చెప్పేశాను.

"అత్తా, ఆ రోజు చెక్క నువ్వు వేశావు."

అవతల మిషను చప్పుడు ఆగింది.

"వేసేను కదే. పక్కనే ఉన్నావు."

"బండి ఎక్కింది నేను. రేవులోకి దింపింది నేను. తాతయ్యకి అబద్ధం చెప్పింది నేనే."

"ఊఁ."

"నీకు తెలుసా?"

"ఆ సాయంత్రమే తెలుసు. నీ మోకాలికి రేవు బురద ఉంది."

"మరి నాన్నా, తాతయ్యా నిన్ను అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"వేసేనని చెప్పేను. నమ్మేరా? నా మాట నమ్మరు. నువ్వు చెప్తే నమ్ముతారు. నువ్వు చెప్తావని చూసేను."

అత్త గొంతులో కోపం లేదు, ఎవరికో లైను కలవలేదని చెబుతున్నట్టే ఉంది.

"రెండేళ్ళు చూసేను. తాతయ్య పోయేదాకా. తరవాత మానేసేను," అంది. "సరే, ఉంటాను మరి. చాలాసేపయింది," అని పెట్టేసింది.

ఆ రెండేళ్ళూ ఒక్క సాయంత్రం తప్పకుండా ఆ చాప మీద కూర్చున్నాం. నా వంతు రాగానే అత్త కళ్ళు తెరిచి నా నోటి వంక చూసేది. నేను నాన్న ఆరోగ్యం అడిగి, అమ్మ ఆరోగ్యం అడిగి, పరీక్షల్లో మంచి మార్కులడిగి, ఆమేన్ అనేసేదాన్ని. అప్పుడు అత్త కళ్ళు మూసుకునేది.